దిక్సూచి అనే తక్కెడ: సూదంటురాయి నుంచి ఇన్వర్టర్ తీగ దాకా

నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక స్టేషనరీ కొట్టుకు వెళ్ళి కంపాస్ అడిగితే, వృత్తాలు గీసే వృత్తలేఖిని చేతిలో పెట్టారు. అది కాదండీ, దిక్కులు చూపేది అంటే జామెట్రీ బాక్సు మొత్తం తెచ్చి ముందు పెట్టారు. చివరికి నాకు కావలసింది పూజాసామగ్రి అమ్మే చోట, పంచాంగాల పక్కన, ‘వాస్తు కంపాస్’ అన్న పేరుతో దొరికింది. పదో తరగతి చదువుతున్న మా మేనల్లుడి కోసం రెండు కొన్నాను. వాడి పుస్తకంలో బ్యాటరీ, తీగ, దిక్సూచి బొమ్మ ఉంది. కరెంటు పారితే ముల్లు తిరుగుతుందని వాడికి కంఠతా వచ్చు. తిరగడం మాత్రం చూడలేదు. ఆ వేసవి సెలవుల్లో మేమిద్దరం చేసినవే, చేసిన తప్పులతో సహా, ఒక వరుసలో పెట్టి రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక మాట పట్టుకోండి. దిక్సూచిని తక్కెడ అనుకోండి. ఒక పళ్ళెంలో భూమి ఎప్పుడూ కూర్చునే ఉంటుంది. రెండో పళ్ళెంలో మనం అయస్కాంతాన్ని పెట్టినా, కరెంటు పారే తీగను పెట్టినా, దాని లాగుడును భూమి లాగుడుతో తూచి ముల్లు ఒక కోణం దగ్గర ఆగుతుంది. ఆ తూనికరాయి విలువ మనకు తెలుసు. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో నేలకు సమాంతరంగా ఉండే భూ అయస్కాంత క్షేత్రం సుమారు 40 మైక్రోటెస్లాలు (క్షేత్రం బలాన్ని కొలిచే ప్రమాణం ఇది). లండన్‌లో అది ఇందులో సగమే. అందుకని అక్కడివాళ్ళు రాసిన పుస్తకాల్లో ముల్లు ఎంత తిరిగిందని ఉంటుందో, మన దగ్గర అంత తిరగదు. అది మీ ప్రయోగంలో లోపం కాదు, మన తూనికరాయి బరువు.

ఏమేం తెచ్చుకోవాలి

మూడు నాలుగు సెంటీమీటర్ల దిక్సూచి, చుట్టూ డిగ్రీల గుర్తులు ఉన్నది. వీలైతే రెండు తీసుకోండి, ఒకటి పాడైతే రెండోది సాక్షిగా పనికొస్తుంది.

రాగి తీగ కోసం తిరగనక్కర్లేదు. బోరు మోటార్లు, రొయ్యల చెరువుల్లో ఏరియేటర్ మోటార్లు కాలిపోతూనే ఉంటాయి కాబట్టి మన ఊళ్ళలో మోటారు వైండింగ్ షాపులకు కొదవ లేదు. వైండింగ్ వైరు తూకం లెక్కన అమ్ముతారు. 26 గేజి వంద గ్రాములు, సన్నటి 34 గేజి వంద గ్రాములు తీసుకుంటే మిగిలిపోతుంది. ఈ తీగ మెరుస్తూ ఉత్త రాగిలా కనిపిస్తుంది కానీ, ఒళ్ళంతా కరెంటును పోనివ్వని ఎనామిల్ పూత ఉంటుంది. రెండు కొసలనూ గరుకు కాగితంతో ఎర్రటి రాగి బయటపడేదాకా గీకాలి. మొదటి రోజు మేము ఈ పని చేయలేదు. “మామయ్యా, పుస్తకం అబద్ధం చెప్పింది” అని మావాడు అరగంట సేపు బ్యాటరీలు మారుస్తూ కూర్చున్నాడు. కొసలు గీకగానే ముల్లు ఎగిరిపడింది.

ఇవి కాక మూడు టార్చి సెల్లు, ఎలక్ట్రానిక్స్ కొట్లో దొరికే 4.7 ఓమ్ 5 వాట్ల తెల్లటి సిమెంట్ రెసిస్టర్ ఒకటి, ఒక దండాయస్కాంతం, రెండు మూడు చిన్న నియోడిమియం అయస్కాంతాలు, ప్లంబర్ దగ్గర మిగిలిన నాలుగు అంగుళాల (110 మిల్లీమీటర్ల) పీవీసీ పైపు నుంచి రెండు వేళ్ళ వెడల్పున కోసిన ఉంగరం ఒకటి కావాలి.

జాగ్రత్తలు మూడే. గోడ ప్లగ్గు జోలికి వెళ్ళవద్దు. బైకు బ్యాటరీ, ఫోను బ్యాటరీ, లిథియం సెల్లు వాడవద్దు, వాటిని తీగతో నేరుగా కలిపితే నిప్పు పుడుతుంది. చిన్న నియోడిమియం అయస్కాంతాలు పసిపిల్లలకు అందనివ్వవద్దు. రెండు మింగితే పేగుల గోడలను మధ్యలో నొక్కి పట్టుకుని చిల్లు చేస్తాయి.

ముందు నేల సంగతి తేల్చండి

గచ్చు మీద దిక్సూచి పెట్టి ముల్లు నిలిచాక దిశ గుర్తుపెట్టుకోండి. జానెడు జరిపి మళ్ళీ చూడండి. ఇంకో జానెడు. కాంక్రీటు శ్లాబు మీద కట్టిన ఇంటి మేడ గదిలో అయితే ముల్లు ఒక్కో చోట ఒక్కో మాట చెబుతుంది. కింద ఇనుప చువ్వలు ఉంటాయి మరి. పిల్లరు పక్కన, కిటికీ గ్రిల్లు దగ్గర, బీరువా ముందు ఇంకా ఘోరం. మా ఇంటి హాల్లో రెండు మూలల్లో చూస్తే ఉత్తరానికి ఇరవై డిగ్రీల తేడా వచ్చింది. అదే కంపాస్ పట్టుకుని గది మధ్యలో నిలబడి ఇంటి ఈశాన్యం నిర్ణయించేవాళ్ళను చూసినప్పుడల్లా, అయ్యా, రెండడుగులు పక్కకు జరిగి ఇంకోసారి చూడండి అనాలనిపిస్తుంది.

కాబట్టి ప్రయోగానికి చెక్క బల్ల వాడండి, లేదా ప్లాస్టిక్ కుర్చీ మీద అట్ట వేసుకోండి. వాకిట్లో వేప చెట్టు కింద అయితే ఇంకా మంచిది. చేతి గడియారం, తాళంచెవులు, ముఖ్యంగా ఫోను అవతల పెట్టండి, ఫోను స్పీకరులో అయస్కాంతం ఉంటుంది. ఇప్పుడు ఒక మేకుతో ముల్లును పక్కకు లాగి, మేకును దూరంగా తీసేయండి. అయిదుసార్లు ఇలా చేస్తే అయిదుసార్లూ ముల్లు ఊగి ఊగి అదే గీత మీద ఆగాలి. ఆగకపోతే కీలు రాసుకుంటోందని అర్థం. చూపుడు వేలితో పెట్టెను మెల్లగా తట్టి చూడండి, అప్పటికీ దారికి రాకపోతే ఆ దిక్సూచి దిక్కులకు సరిపోతుందేమో కానీ కొలతకు పనికిరాదు.

మన జిల్లాల్లో ముల్లు చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా రెండు డిగ్రీల లోపే. బొమ్మ దిక్సూచితో అది కనిపించదు, దాని గురించి దిగులు వద్దు.

సూది ఎందుకు ఈదుకుంటూ ఉత్తరానికి పోదు

అయస్కాంతాన్ని మనవాళ్ళు సూదంటురాయి అన్నారు. సూది వచ్చి అంటుకునే రాయి. ఆ పేరు నిజమో కాదో చూడటానికి పది నిమిషాలు చాలు. కుట్టు సూదిని బల్ల మీద పెట్టి, అయస్కాంతం ఒక కొసతో బెజ్జం వైపు నుంచి మొన వైపుకు రుద్దండి. మొన దాటాక అయస్కాంతాన్ని గాల్లోకి ఎత్తి మళ్ళీ బెజ్జం దగ్గరికి తేవాలి. ముందుకూ వెనక్కూ రుద్దితే చేసింది చెరిగిపోతుంది. నలభై సార్లు రుద్దాక చిన్న థర్మాకోల్ ముక్కకో, అరటాకు ముక్కకో గుచ్చి నీళ్ళ మీద వదలండి. పాత్ర మట్టిదో ప్లాస్టిక్‌దో అయి ఉండాలి. స్టీలు గిన్నెల్లో కొన్ని అయస్కాంతానికి అంటుకుంటాయి.

సూది తిరిగి ఉత్తర దక్షిణాలుగా నిలుస్తుంది. పాత్రలో అటూ ఇటూ తేలుతుందే తప్ప ఉత్తరపు గట్టుకు కొట్టుకుపోదు, గమనించండి. పాత్ర మేరకు భూమి క్షేత్రం అంతటా ఒకటే కాబట్టి ఒక కొసను ఎంత లాగుతుందో, రెండో కొసను అంతే బలంతో ఎదురు వైపు లాగుతుంది. తిప్పగలదు కానీ ఈడ్చుకుపోలేదు. ఇంగ్లండులో దిక్సూచులు చేసే రాబర్ట్ నార్మన్ 1581లోనే ఈ సంగతి రాశాడు. ముల్లు ఉత్తరాన్ని చూపడమే కాక, అక్కడ ఒక కొస నేలలోకి బాగా వంగుతుందని కూడా ఆయనే కొలిచి చెప్పాడు. మన దగ్గర ఆ వంపు పదిహేను డిగ్రీల చుట్టుపక్కలే. అయస్కాంత భూమధ్యరేఖ మనకు దక్షిణంగా, తమిళనాడు చివర మీదుగా పోతుంది. ఫోనులో అయస్కాంత క్షేత్రం చూపే ఆప్ ఉంటే చెట్టు కింద తెరిచి చూడండి, 40 దాటి కొంచెం వస్తుంది. వంపు తక్కువ కాబట్టి మన దగ్గర మొత్తం క్షేత్రమూ, నేలకు సమాంతరంగా ఉన్నదీ దాదాపు ఒకటే. లండన్‌లో మొత్తం మనకన్నా ఎక్కువే అయినా అందులో అధికభాగం నేలలోకి దిగిపోతుంది, ముల్లుకు మిగిలేది కొంచెమే.

వికర్షణే అసలు పరీక్ష

మైపాడు తీరంలోనో కొత్తపట్నం దగ్గరో అల వెనక్కి తగ్గాక ఇసుక మీద నల్లటి చారలు మిగులుతాయి. ఒక గుప్పెడు తెచ్చి ఎండబెట్టండి. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఇసుకలో తిప్పితే నల్లటి రేణువులు మీసాల్లా లేస్తాయి, అది మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం. సంచి తిరగేసి అయస్కాంతాన్ని బయటికి తీస్తే రేణువులు జలజలా రాలిపోతాయి. సంచి లేకుండా ముంచితే ఆ రేణువులను వదిలించుకోవడానికి ఒక పూట పడుతుంది, మేము పడ్డాం. అంటుకోకుండా మిగిలిన నలుపులో ఇల్మెనైట్ ఉంటుంది, దాన్ని మామూలు అయస్కాంతం అంతగా పట్టదు. మాగ్నటైట్ మనకు ఇసుకలోనే కాదు, ఒంగోలు దగ్గర కొణిజేడు, మర్లపాడు కొండల్లోనూ ఉంది. అటువంటి రాళ్ళ దగ్గర దిక్సూచి మాటను నమ్మకూడదు.

ఈ రేణువుల పొట్లాన్ని ముల్లు ఎర్ర కొస (ఉత్తరం చూపేది) దగ్గరికి తెండి, లాక్కుంటుంది. తెల్ల కొస దగ్గరికి తెండి, దాన్నీ లాక్కుంటుంది. మేకు కూడా అంతే. అసలు అయస్కాంతం అలా చేయదు, ఒక కొసను లాగి రెండోదాన్ని నెడుతుంది. కాబట్టి ఒక వస్తువు అయస్కాంతమా, లేక అయస్కాంతానికి లొంగే ఇనుమా అన్నది ఆకర్షణతో తేలదు. ఎక్కడో ఒకచోట ముల్లును నెట్టిందా, అదే చూడాలి.

ఇక నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రయోగం. పొలం పనికి వాడే గడ్డపార తీసుకోండి. రెండు కొసలనూ దిక్సూచి దగ్గర పరీక్షించి రాసుకోండి. దాన్ని ఉత్తర దక్షిణాలుగా నేల మీద పడుకోబెట్టి, సుత్తితో ముప్పై నలభై దెబ్బలు వేయండి. మళ్ళీ పరీక్షించండి. ఉత్తరం వైపు ఉన్న కొస ఇప్పుడు ముల్లు ఎర్ర కొసను నెడుతుంది. దగ్గరలో ఏ అయస్కాంతమూ లేదు, భూమే గడ్డపారను అయస్కాంతం చేసింది. లోపల చిన్న చిన్న ప్రాంతాలు తలో దిక్కు చూస్తూ ఉంటాయి, దెబ్బల అదురుకు పట్టు సడలి భూమి వైపు తిరుగుతాయి. దిశ మార్చి పడుకోబెట్టి కొడితే ధ్రువాలు కూడా మారతాయి. తూర్పు పడమరలుగా పెట్టి కొడితే ఉన్నది కూడా చాలావరకు పోతుంది. విలియం గిల్బర్ట్ 1600లో కమ్మరి కొలిమి దగ్గర ఇదే చూపించాడు. చలిదేశాల పుస్తకాలు నిలువుగా పాతిన ఇనుప కమ్మీని పరీక్షించమంటాయి. అక్కడ క్షేత్రం నేలలోకి దిగుతుంది కాబట్టి అది నడుస్తుంది. మన దగ్గర పడుకోబెడితేనే ఫలితం.

పరీక్షించేటప్పుడు ఎర్ర కొసకు మెల్లగా, దూరం నుంచి దగ్గరికి రండి. ఒక్కసారిగా తెస్తే ముల్లు గిరుక్కున తిరిగి రెండో కొసతో అంటుకుని మిమ్మల్ని మోసం చేస్తుంది. బలమైన నియోడిమియంను దిక్సూచికి ఆనిస్తే ఇంకో ప్రమాదం ఉంది, ముల్లు ధ్రువాలే తారుమారవుతాయి. మా రెండో దిక్సూచి అలాగే రాత్రికి రాత్రి దక్షిణం చూపడం మొదలుపెట్టింది. ఎర్ర కొసను అయస్కాంతం దక్షిణ ధ్రువం వైపు కాసేపు పట్టి ఉంచితే దారికొచ్చింది. అవును, దక్షిణ ధ్రువమే. ఎర్ర కొస ఉత్తర ధ్రువం, దాన్ని లాగేది దక్షిణ ధ్రువం. ఆ లెక్కన భూమి ఉత్తరాన ఉన్నది అయస్కాంతపరంగా దక్షిణ ధ్రువం.

అయస్కాంతం చుట్టూ దారులు గీయడం

ఇది పుస్తకాల్లో బాగానే ఉంటుంది కాబట్టి త్వరగా ముగిస్తాను. తెల్ల కాగితం మధ్యలో దండాయస్కాంతాన్ని ఉత్తర ధ్రువం ఉత్తరానికి ఉండేలా పెట్టండి. దాని కొస దగ్గర దిక్సూచి పెట్టి ముల్లు రెండు కొసల దగ్గరా చుక్కలు పెట్టండి. ముల్లు తోక ముందటి చుక్క మీదకు వచ్చేలా జరుపుతూ పోతే చుక్కలు కలిసి గీత అవుతాయి.

ఆసక్తి ఉన్న చోటు వేరే ఉంది. అయస్కాంతానికి తూర్పున, పడమట, మధ్య నుంచి పది పదిహేను సెంటీమీటర్ల దగ్గర మొదలుపెట్టి ఒక్కో సెంటీమీటరు దూరం జరుగుతూ వెతకండి. ఒకచోట ముల్లుకు దిక్కు తోచదు, ఎటు తిప్పి వదిలితే అటే సోమరిగా ఉండిపోతుంది. అక్కడ అయస్కాంతం లాగుడూ భూమి లాగుడూ సరిగ్గా సమానం, ఎదురెదురు. తక్కెడ రెండు పళ్ళాలూ సరితూగిన చోటు అది, దాన్ని తటస్థ బిందువు అంటారు. అంటే మీ అయస్కాంతం అంత దూరాన 40 మైక్రోటెస్లాలు ఇస్తోందన్నమాట. కాస్త దూరాలకు వెళ్ళాక, దూరం రెట్టింపైతే బలం దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది.

గూడూరు నుంచి ఒంగోలు పోయే కరెంటు

డెన్మార్క్‌లోని కోపెన్‌హేగన్‌లో హాన్స్ క్రిస్టియన్ ఆయిర్‌స్టెడ్ 1820లో చూసినది మీ బల్ల మీద చూడటానికి ఒక సెల్లు, రెండడుగుల 26 గేజి తీగ చాలు. తీగను దిక్సూచి మీదుగా, ముల్లుకు సమాంతరంగా, గాజుకు ఆనేలా సాగదీసి పట్టుకోండి. ఒక కొసను సెల్లుకు బిగించి, రెండో కొసను రెండు సెకన్ల పాటు మాత్రమే తాకించండి. అంతకు మించితే తీగ కాలుతుంది, సెల్లు నీరసిస్తుంది. ముల్లు ఒక్క ఉదుటున పక్కకు తిరుగుతుంది.

ఎటు తిరిగిందో గుర్తుపెట్టుకోవడానికి మన నేల ఇచ్చిన ఉపాయం ఒకటి ఉంది. మనకు రైలు మార్గం దక్షిణం నుంచి ఉత్తరానికి సాగుతుంది, తూర్పున సముద్రం, పడమట వెలిగొండలు. కరెంటు గూడూరు నుంచి ఒంగోలు పోయే రైలు అనుకోండి. రైలు వంతెన మీద, అంటే దిక్సూచి పైన పోతే, ఎర్ర కొస వెలిగొండల వైపు తిరుగుతుంది. అదే రైలు వంతెన కింద నుంచి, అంటే దిక్సూచి అడుగున పోతే, సముద్రం వైపు తిరుగుతుంది. రైలు ఒంగోలు నుంచి వెనక్కి వస్తే అంతా తారుమారు. తీగలో కరెంటు సెల్లు ప్లస్ నుంచి బయలుదేరి మైనస్‌కు చేరుతుందని గుర్తుంచుకుంటే చాలు. కుడిచేతి బొటనవేలి నియమం చెప్పేదీ ఇదే కానీ, పరీక్ష హాల్లో చేతులు తిప్పుకోవడం కన్నా మావాడికి రైలే నచ్చింది.

ఇప్పుడు తీగను తూర్పు పడమరలుగా, ముల్లుకు అడ్డంగా పట్టి తాకించండి. చాలావరకు ముల్లు కదలదు. కరెంటు ఉంది, క్షేత్రమూ ఉంది, కానీ అది ఉత్తర దక్షిణాల వెంటే ఉంది కాబట్టి పక్కకు తిప్పలేదు. ఒక దిశలో అయితే భూమికి తోడవుతుంది, ముల్లు ఇంకా బిగుసుకుంటుంది. రెండో దిశలో భూమికి ఎదురవుతుంది, భూమిని మించితే ముల్లు మొత్తంగా వెనక్కి తిరుగుతుంది.

తూకం చూద్దాం. నిటారు తీగకు ఒక సెంటీమీటరు దూరాన, ఒక ఆంపియర్‌కు 20 మైక్రోటెస్లాలు వస్తాయి. భూమిది 40. ముల్లు సుమారు 27 డిగ్రీలు తిరగాలి. రెండు ఆంపియర్లకు భూమితో సరిసమానం, 45 డిగ్రీలు.

ఉంగరం: కొలిచే పరికరం

తీగ పైన వెళ్ళినప్పుడు ముల్లు వెలిగొండల వైపు తిరిగింది కదా. అదే తీగను చుట్టి కింద నుంచి వెనక్కి తెస్తే? కిందిది ఒంగోలు నుంచి గూడూరు వచ్చే రైలు, అది కూడా వెలిగొండల వైపే లాగుతుంది. పైదీ కిందిదీ కలిసి ఒకే పని చేస్తాయి. పది చుట్లు వేస్తే పదింతలు. చుట్లలో ఉన్న కిటుకంతా ఇదే. జర్మనీలో ష్వైగర్ ఆయిర్‌స్టెడ్ వార్త విన్న 1820లోనే ఈ పని చేశాడు.

పీవీసీ ఉంగరం మీద 26 గేజి తీగ పది చుట్లు దగ్గరదగ్గరగా చుట్టి, కదలకుండా టేపు వేయండి. రెండు కొసలనూ జానెడు పొడవు వదిలి, ఒకదానితో ఒకటి మెలేయండి. ఉంగరాన్ని బల్ల మీద నిలబెట్టి అటూ ఇటూ మైనంతో ఆపండి. లోపల అగ్గిపెట్టెలు పేర్చి, వాటి మీద దిక్సూచిని సరిగ్గా ఉంగరం మధ్యకు వచ్చే ఎత్తులో పెట్టండి. పైనుంచి చూస్తే ఉంగరమూ ముల్లూ ఒకే గీతలో ఉండేదాకా ఉంగరాన్ని తిప్పండి. ఈ ఒక్క పని ఓపిగ్గా చేయకపోతే తరవాతి అంకెలన్నీ వృథా.

ఒక సెల్లు, రెసిస్టర్, ఉంగరం వరుసగా కలపండి. లెక్క ప్రకారం 38 డిగ్రీల చుట్టుపక్కల రావాలి. రెండు సెల్లకు 56, మూడింటికి 65 దగ్గర ఆగాలి. మావాడు ఇక్కడే ఆగిపోయాడు. సెల్లు రెట్టింపైతే 76 రావాలి కదా, 56 ఏమిటి? మూడు సెల్లకు 90 దాటాలి కదా?

ముల్లును పక్కకు లాగే బలం పెరిగింది నిజమే, కానీ భూమి చేయి వదల్లేదు. ఉత్తరంగా 40 మైక్రోటెస్లాల భుజం, పడమరగా తీగ ఇచ్చే భుజం, లంబకోణ త్రిభుజం గీయండి. ముల్లు ఆ త్రిభుజం కర్ణం వెంట నిలుస్తుంది. పక్క భుజాన్ని ఎంత పొడిగించినా కోణం 90కి చేరువవుతుందే కానీ 90 కాదు. కరెంటుకు తగ్గట్టు పెరిగేది కోణం కాదు, దాని టాన్ విలువ, అంటే పడమర భుజాన్ని ఉత్తర భుజంతో భాగిస్తే వచ్చేది. 27 డిగ్రీలకు అర, 45కు ఒకటి, 56కు ఒకటిన్నర, 63కు రెండు. త్రికోణమితి దేనికి పనికొస్తుందని అడిగే పిల్లలకు చూపడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు దొరకలేదు.

మన ఉంగరానికి ఒక ఆంపియర్‌కు సుమారు 114 మైక్రోటెస్లాలు వస్తాయి. కాబట్టి ముల్లు 45 దగ్గర ఆగిందంటే 0.35 ఆంపియర్ పారుతోంది. మిగతా ఏ కోణానికైనా 0.35ను ఆ కోణం టాన్‌తో గుణిస్తే కరెంటు వస్తుంది. మీ దగ్గర మల్టీమీటరు ఉంటే పోల్చి చూడండి. ముల్లు రెండు కొసలనూ చదవండి, సెల్లు తిరగేసి మళ్ళీ రెండు కొసలనూ చదవండి, నాలుగింటి సగటు తీసుకోండి. ఉంగరం కొంచెం వంకరగా ఉన్నా ఆ తప్పు చాలావరకు కొట్టుకుపోతుంది. 70 డిగ్రీలు దాటిన కోణాలను నమ్మకండి, అక్కడ ఒక్క డిగ్రీ పొరపాటుకు కరెంటు లెక్క చాలా మారిపోతుంది.

గూడూరు నిమ్మకాయ

చిన్న కరెంటును పట్టాలంటే చుట్లు పెంచాలి. సబ్బు అట్టపెట్టెలో దిక్సూచి పెట్టి, పైన చూడటానికి కిటికీ కోసి, దానికి రెండు వైపులా 34 గేజి తీగ నూటయాభై చొప్పున మూడు వందల చుట్లు ఒకే దిశలో చుట్టండి. లెక్క తప్పితే కొంప మునగదు. చుట్లు ముల్లుకు సమాంతరంగా ఉండేలా పెట్టెను తిప్పండి.

రసం ఉన్న గూడూరు నిమ్మకాయను బల్ల మీద అరచేతితో దొర్లించి మెత్తబరచండి. ఒక వైపు మందపాటి రాగి తీగ, ఇంకో వైపు జింకు పూత వేసిన మేకు, ఒకదానికొకటి తగలకుండా గుచ్చండి. మేకులో ఇనుము ఉంది కాబట్టి నిమ్మకాయ దిక్సూచికి రెండడుగుల దూరంలో ఉండాలి. తీగలు తాకించగానే ముల్లు కొద్ది డిగ్రీలు జరిగి నిలుస్తుంది. కరెంటు ఒక మిల్లీ ఆంపియర్‌కు అటూ ఇటూ ఉంటుంది అంతే, బల్బు కాదు కదా దాని తీగ కూడా వెచ్చబడదు. రాగి, మేకు స్థానాలు మారిస్తే ముల్లు రెండో వైపు జరుగుతుంది. రాగిని లోతుగా గుచ్చి చూడండి, రెండు కాయలు కలిపి చూడండి. వేసవి తాపానికి ఆ కాయలను షర్బత్తుకు వాడవద్దు, జింకు కరిగి ఉంటుంది.

అయస్కాంతం ఊపితే కరెంటు

మైకేల్ ఫారడే 1831లో కనిపెట్టినది ఇది. అట్ట గొట్టం మీద 34 గేజి తీగ ఇంకో మూడు వందల చుట్లు వేసి, పొడవాటి తీగలతో సబ్బుపెట్టెకు కలపండి. గొట్టం దిక్సూచికి కనీసం నాలుగడుగుల దూరంలో ఉండాలి. గొట్టంలోకి నియోడిమియం అయస్కాంతాన్ని చటుక్కున దూర్చండి. ముల్లు చిన్నగా ఉలిక్కిపడుతుంది. బయటికి లాగితే రెండో వైపు ఉలిక్కిపడుతుంది. లోపల కదలకుండా ఉంచితే ఏమీ జరగదు.

కదలిక చాలా చిన్నది కాబట్టి ఉయ్యాల ఊపినట్టు చేయండి. ముల్లు ఒక వైపు వెళ్తున్నప్పుడు దూర్చండి, తిరిగి వస్తున్నప్పుడు లాగండి. ఆ తాళం కుదిరితే అయిదారు ఊపుల్లో ముల్లు ధారాళంగా ఊగుతుంది.

ఇక్కడ మిమ్మల్ని మీరే అనుమానించాలి. కరెంటు వల్ల ఊగిందా, దూరం నుంచి ఆ అయస్కాంతమే లాగిందా? ఒక తీగ ఊడదీసి, అంతా అలాగే మళ్ళీ చేయండి. అప్పుడు కూడా ముల్లు కదిలితే మీరు చూసింది కరెంటు కాదు, గొట్టాన్ని ఇంకా దూరం జరపండి. మేము నాలుగడుగులు సరిపోక వరండాలోకి వెళ్ళాల్సి వచ్చింది.

కరెంటు పోయినప్పుడు

గోడ లోపలి తీగల దగ్గర దిక్సూచి పెట్టి, ఫ్యాను వేస్తే ముల్లు కదలదేమని మావాడు అడిగాడు. ఇంటి కరెంటు సెకనుకు వంద సార్లు దిశ మార్చుకుంటుంది. ముల్లు వెలిగొండల వైపు అడుగు వేసేలోపే సముద్రం వైపు రమ్మంటుంది, అది ఎటూ పోకుండా నిలబడిపోతుంది. పైగా పోయే తీగా వచ్చే తీగా పక్కపక్కనే ఉండి ఒకదాని క్షేత్రాన్ని ఒకటి చెరిపేస్తాయి.

ఇంట్లో ఒకే దిశలో పెద్ద కరెంటు పారే చోటు ఒకటి ఉంది, ఇన్వర్టర్ బ్యాటరీ తీగ. దేన్నీ విప్పనక్కర్లేదు, తాకనక్కర్లేదు. పెద్దవాళ్ళు దగ్గరుండాలి, బ్యాటరీ పైన ఇనుప స్కేలు, పట్టకారు లాంటివి ఏవీ పెట్టకూడదు. ఎర్ర తీగా నల్ల తీగా విడిపోయి బ్యాటరీ కొసలకు చేరే చోట, ఒక తీగకు పది సెంటీమీటర్ల దూరంలో, చెక్క పీట మీద దిక్సూచి పెట్టండి. తీగ నిలువుగా దిగుతుంటే దానికి ఉత్తరానో దక్షిణానో పెట్టండి, ఉత్తర దక్షిణాలుగా పడుకుని ఉంటే కిందో పైనో పెట్టండి. ఇన్వర్టర్ ఇనుప పెట్టె వల్ల ముల్లు ముందే కొంత పక్కకు జరిగి ఉంటుంది. అది ఎక్కడ ఆగిందో గీత పెట్టుకోండి, ఆ గీతే ఇప్పుడు మీ సున్నా.

తరవాత కరెంటు పోయేదాకా ఎదురుచూడండి, లేదా మెయిన్ స్విచ్ ఆపండి. రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు నడిస్తే 12 వోల్టుల బ్యాటరీ నుంచి దాదాపు 15 ఆంపియర్లు పారతాయి. ఒంటరి తీగకు పది సెంటీమీటర్ల దగ్గర అది 30 మైక్రోటెస్లాలు, 37 డిగ్రీలు. రెండో తీగ కొంత చెరిపేస్తుంది కాబట్టి మాకు అందులో సగం కన్నా కాస్త ఎక్కువ వచ్చింది. ఒక ఫ్యాను ఆపితే ముల్లు వెనక్కి జరిగింది. హాల్లో ఎవరు ఏ స్విచ్ వేశారో మావాడు మెట్ల కింద కూర్చుని, ముల్లు చూసి చెప్పేవాడు.

మెయిన్ వేశాం. ముల్లు గీత దగ్గరికి వచ్చి ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. గీత దాటి అవతలి వైపుకు వెళ్ళి అక్కడ నిలిచింది. బ్యాటరీ ఇప్పుడు ఇవ్వడం మాని పుచ్చుకుంటోంది, ఛార్జింగు మొదలైంది. మావాడు పలక మీద సమయం రాసుకుని అక్కడే కూర్చున్నాడు. ముల్లు గీత వైపు తిరిగి రావడానికి ఆ రోజు చాలాసేపు పట్టింది.